మా కాలువ కోసం ఒక ప్రారంభోత్సవం

మా ఊరి పేరు చెప్పను. చెబితే మళ్ళీ కొలత టేపు పట్టుకుని వస్తారు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో బస్సు దిగి కాస్త లోపలికి నడిస్తే వచ్చే ఒక చిన్న మునిసిపాలిటీ అనుకోండి, చాలు. పంచాయతీగా ఉన్నప్పుడు మాకు దోమలుండేవి, మురిక్కాలువ ఉండేది. మునిసిపాలిటీ అయ్యాక వాటికి పన్ను కూడా వచ్చింది.

ఆ ఊళ్ళో పాత బజారు వెనక వీధిలో మాకొక పిండిమిషను ఉండేది. మా అత్త పెట్టింది. ముందు గదిలో మిషను, వెనక రెండు గదుల్లో మేము. రాగులు, జొన్నలు, గోధుమలు పెద్ద మిషనులో ఆడేవాళ్ళం, మిరపకాయలకు వేరే చిన్న మిషను. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ నా తలలో, కనుబొమల్లో, టీ గ్లాసులో రాగిపిండి ఉంది. మా ఆయనకు చక్కెర జబ్బు, చూపు ఆనదు, చెవితో మిషను నడిపేవాడు. రాయి శబ్దం విని పిండి సన్నమో బరకో చెప్పేవాడు. ఆయనకు వేరే పని రాదు. నాకు నాలుగు ముక్కలు రాయడం వచ్చు గానీ, రాసిన కాగితాలు పొయ్యి అంటించడానికి తప్ప పొయ్యి మీదికి ఏమీ తేలేదు. ఆ మోటారు తిరిగితేనే మా ఇంట్లో సంగటి ఉడికేది.

ఆ మోటారుకు ప్రాణగండం వీధి కాలువ. మా ఇల్లు పల్లంలో కట్టుకున్నారని మొన్నామధ్య ఒక ఇంజనీరు నన్నే తప్పుపట్టాడు. పల్లంలో కట్టలేదు నాయనా, రోడ్డే ఎత్తయింది. మా అత్త ఇల్లు కట్టేటప్పుడు వీధిలోంచి మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్ళు. ఎలక్షను వచ్చినప్పుడల్లా పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు పోశారు. అభివృద్ధి అన్నారు. మెట్లు ఒక్కొక్కటే రోడ్డు కింద కలిసిపోయాయి. చివరికి మేమే వీధిలోంచి ఇంట్లోకి దిగడం మొదలుపెట్టాం. మోటారు దిమ్మెను ఒకసారి ఎత్తు చేయించాం. ఇంకా ఎత్తు చేస్తే రాగులు పోసే తొట్టి కప్పుకు తగులుతుంది. ఈ గొడవంతా జరగడానికి ముందు ఏడాది కార్తీకం వానలకు కాలువ పొంగి, మురుగు దిమ్మె అంచు దాకా వచ్చి నిలబడింది. మా ఆయన ఆ రోజంతా చేత్తో తడిమి నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూస్తూ కూర్చున్నాడు. ఇంకొక్క జానెడు పెరిగి ఉంటే మా బతుకు నీళ్ళ పాలే. మళ్ళీ మోటారు కొనే తాహతు మాకు లేదు. అందుకని ఈసారి వానలు పడేలోగా కాలువలో పూడిక తీయించాలని నేను పట్టుబట్టాను. నేను అడిగింది అంతే. అద్దాల్లాంటి రోడ్లు అడగలేదు, పార్కు అడగలేదు. కాలువ తీయండి అన్నాను.

అడిగే హక్కు నాకుంది. ఏటా ఏప్రిల్‌లో, తగ్గింపు ఇచ్చే రోజుల్లోనే పోయి పన్ను కట్టేదాన్ని. ఇంటికొక రేటు, ముందు గదిలో మిషను ఉంది కాబట్టి దానికి అంగడి రేటు. నీళ్ళ పన్ను వేరే. కాలువ పన్ను అని ఇంకొకటి. అవును, ఆ కాలువకే. కట్టనివాళ్ళ కొళాయి పీకేస్తారు, అందులో మటుకు మునిసిపాలిటీని మెచ్చుకోవాలి, చెప్పిన రోజుకు వస్తారు.

మా వ్యాపారం సంగతి చెబుతాను. ఎవరో ఒకామె గంపలో రాగులు తెస్తుంది. మేం కూలి తీసుకుంటాం, పిండి ఆడి ఇస్తాం. ఒక పిడికెడు తగ్గినా, నోట్లో ఇసుక తగిలినా ఆ గంప తెచ్చి మా వాకిట్లో బోర్లించి, మా ఏడు తరాలను తలుచుకుని మరీ పోతుంది. పోవాలి కూడా. కూలి తీసుకున్నాం కదా. ఈ మునిసిపాలిటీ వాళ్ళున్నారే, కూలీ తీసుకుంటారు, రాగులూ తినేస్తారు, గంప కూడా ఇవ్వరు. పైగా పిండి ఆడేశాం అని ఫోనుకు కబురు పంపిస్తారు. ఇది నోటికొచ్చి అంటున్న మాట కాదు, నిజంగా పంపించారు.

సోమవారం అర్జీలు తీసుకునే రోజు. కాలువ తీయమని అర్జీ ఇచ్చి వచ్చాను. వారం తిరక్కుండా ఫోనుకు కబురు, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. వాకిట్లోకి పోయి చూశాను. కాలువ నిండా అదే నల్లటి మురుగు, దాని మీద అదే చెప్పు తేలుతోంది. ఒంటి కాలి చెప్పు, నీలం రంగు వారు. చూసీ చూసీ దాని మీద నాకు అభిమానం కూడా ఏర్పడింది. ఫోను పట్టుకుని ఆఫీసుకు పోయాను. అక్కడ కుర్చీలో ఉన్నాయన ఫోను వంక చూసి, నా వంక చూశాడు.

"పరిష్కారమైందని వచ్చిందంటే అయిపొయ్యుంటాది కదమ్మా" అన్నాడు.

"అయిపోతే నా వాకిట్లో ఉండేది ఏందప్పా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఎగతాళికి కాదు.

"అది కొత్త మురుగయ్యుంటాదిలేమ్మా" అన్నాడు.

దున్నపోతు మీద వాన పడితే దున్నపోతు ఒకసారైనా చెవులు విదిలిస్తుంది. ఈయన అది కూడా చెయ్యలేదు. ఇంటికొచ్చి మా ఆయనకు చెబితే ఆయన పకపకా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆకాశం వంక చూసుకున్నాను. దసరా దగ్గర పడుతోంది. దసరా వెళ్ళిందంటే మా వైపు ఎప్పుడు వాయుగుండం వస్తుందో ఎవరికీ తెలియదు.

మా ఎదురింట్లో ఒక పెద్దాయన ఉన్నాడు. పాకాల జంక్షనులో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరం గార్డు మామ అంటాం. ఆయన ఇల్లు కాస్త ఎత్తులో ఉంది గానీ కాలువ కంపు ఇద్దరికీ సమానమే. ఆయనే ఒక సాయంత్రం మిషను దగ్గరికి వచ్చి స్టూలు మీద కూర్చుని ఉపాయం చెప్పాడు.

"పాపా, మేం రైల్వేలో ఉండేటప్పుడు పెద్దసారు ఇన్‌స్పెక్షనుకు వస్తాండాడంటే పట్టాల పక్కన రాళ్ళకు గూడా సున్నం కొట్టేవాళ్ళం. ఆయన పొయినాక మళ్ళా మామూలే. ఈ దేశంలో పెద్దోళ్ళు నడిచే దావే దావ. మన బైపాసు రోడ్డు సూడు. కొండకు పొయ్యే పెద్దోళ్ళ కార్లు పోతాయని తుడిసిందే తుడుస్తారు. మన ఈదికి ఒగ పెద్దమనిషిని పిలిపిస్తే సరి, కాలవ దానంతట అదే అయిపోతాది."

"మన వీధికి ఎవురొస్తారు మామా, ఏముండాదని?"

"రిబ్బనుంటే వస్తారు" అన్నాడు మామ.

ఎంత తెలివైన మాట అనిపించింది! ఇప్పుడు తలుచుకుంటే మా తెలివికి మాకే చెప్పు తీసుకుని కొట్టుకోవాలని ఉంది. న్యాయంగా వచ్చే కూలిపనిని పండగ మామూలులాగా అడుక్కోవడం మాకెంత అలవాటైపోయిందో చూడండి. పన్ను కట్టాం, పని చెయ్యండి అని పదిమందీ కలిసి ఆఫీసు ముందు కూర్చుందాం అని ఒక్కరికీ తోచలేదు. పెద్దమనిషిని పిలిచి దండ వేద్దాం అని మటుకు అందరికీ ఒకేసారి తోచింది.

రిబ్బను దేనికి కట్టాలి? మా వీధిలో కొత్తది ఏదీ లేదు. అప్పుడు మా ఆయనే అన్నాడు, ఎట్లాగూ ఆయుధపూజకు మిషన్లు కడుగుతాం, బొట్లు పెడతాం, ఆ మిరపకాయల మిషనుకు రొంత రంగు పూస్తే కొత్తదే కదా అని. అది నా పెళ్ళినాటి మిషను. దానికి పచ్చరంగు పూశాం. ఎండిన తర్వాత నిజంగానే కొత్త పెళ్ళికూతురులాగా నిలబడింది. మిరపకాయల మిషను ప్రారంభోత్సవం అని మామ తన చేత్తో ఒక కాగితం రాసి, తెలిసినవాళ్ళ ద్వారా మా నాయకుడికి అందించాడు. ఏ పార్టీ అని అడక్కండి, మేం అన్నిటినీ చూసేశాం. మహిళ నడిపే వ్యాపారం అనేసరికి ఆయనకు నచ్చిందట. వస్తానన్నాడు.

ఆయుధపూజకు ముందురోజు ఆయన మనుషులు వచ్చి చూసుకున్నారు. తెల్లచొక్కా వేసుకున్న ఒకతను మా గడప దగ్గర నిలబడి తల ఊపాడు.

"వాకిలి శానా తగ్గుండాదిక్కా. అన్న వంగాల్సొస్తాది."

"వంగితే ఏమప్పా? మేం రోజూ వంగతావుండాం గదా."

"మీరు వంగేది వేరే, అన్న వంగేది వేరే. ఫోటోలో బాగుండదు. మిషను తీసి అరుగు మీద పెట్టేయండి."

అరుగు మీద పెట్టాం. కరెంటు తీగ దాకా పోలేదు, పోకపోయినా పరవాలేదన్నాడు. అన్న రిబ్బను కత్తిరిస్తాడు గానీ మిరపకాయలు ఆడించడు కదా.

ఆ మధ్యాహ్నం మునిసిపాలిటీ మొత్తం మా వీధిలో దిగింది. నా కళ్ళను నేను నమ్మలేదు. ట్రాక్టరు వచ్చింది, మనుషులు వచ్చారు, నీళ్ళ ట్యాంకరు వచ్చింది. ఏళ్ళ తరబడి పగలంతా వెలిగి పొద్దుగూకితే ఆరిపోయే వీధి దీపం కూడా బాగైంది. నేను అందరికీ టీ కాచాను. వీధి మొదట్లో, మొగలో ఉన్న మూడంతస్తుల ఇంటివాళ్ళు కూడా బయటికి వచ్చి చూశారు. ఆ ఇంటి సంగతి కూడా చెప్పాలి. ఇల్లని పేరు, లోపల కాలేజీ పిల్లల హాస్టలు నడుస్తుంది. అంతమంది తిన్న అన్నం మెతుకులూ, స్నానాల నీళ్ళూ మా కాలువలోకే. పన్ను మటుకు కాపురముండే ఇంటికి కట్టే పన్నే కడతారు. పన్ను కోసం కొలిచే టేపు వాళ్ళ గేటు దాటి ఎప్పుడూ లోపలికి పోలేదు.

ట్రాక్టరులోంచి పారలు దిగుతాయని చూస్తున్నాను. సిమెంటు పలకలు దిగాయి. పెద్ద పెద్దవి. కాలువ మీద వరసగా పరుస్తున్నారు. పని చేయిస్తున్నాయన దగ్గరికి పరిగెత్తాను.

"లోపల పూడిక తియ్యరా సార్?"

"టయిము యాడుందమ్మా? రేప్పొద్దునే ప్రోగ్రాము. కారు తిరగల్లంటే దావ సాలదు, అందుకని కాలవ మీద పలకలు పరస్తాండాం. ముందు మూసేస్తాం, తర్వాత తీస్తాం."

"మూసినాక యెట్ట తీస్తారు?"

"అది వేరే శాంక్షనమ్మా" అన్నాడు.

పలకల మధ్య సందుల్లో సిమెంటు కూడా పూశారు. రెండువైపులా బ్లీచింగు పొడి గీతలు గీశారు, ముగ్గు వేసినట్టు. పైన పటారం, లోన లొటారం. నా మనసు కీడు శంకించింది. కానీ వీధి ఎట్లా ఉందనుకున్నారు? కంపు లేదు. ఈగలు లేవు. ఆ నీలం వారు చెప్పు లేదు. గార్డు మామ పలకల మీద అటూ ఇటూ నడుస్తూ, "సూసినావా పాపా, ప్లాట్‌ఫారం ఉన్నెట్టుండాది" అని మురిసిపోయాడు. ఆయన మురిపెం చూసి నేనూ నోరు మూసుకున్నాను.

నాయకుడు పొద్దున వస్తానన్నాడు, ఎండ నడినెత్తికి వచ్చాక వచ్చాడు. ఆయుధపూజకు గుమ్మడికాయ కొట్టడానికి ఆయన కోసమే ఆగాం. గుగ్గిళ్ళు చల్లారిపోయాయి, బొరుగులు మెత్తబడ్డాయి. రిబ్బను కత్తిరించాడు. తిరగని మిషనులో పిడికెడు మిరపకాయలు పోశాడు, పోసి తుమ్మాడు. ఫోటోలు తీశారు. మహిళలు ఇట్లా తమ కాళ్ళ మీద తాము నిలబడాలని చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. నా కాళ్ళ కింద ఏముందో ఆయనకు తెలియదు కదా అని, చప్పట్లు ఆగగానే దగ్గరికి పోయి చెప్పాను.

"అన్నా, మా వీధి కాలవ ఒగసారి తీయించల్లన్నా. వానొస్తే మిషను మునిగిపోతాది."

ఆయన వీధికి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తల తిప్పి చూశాడు.

"కాలవేదమ్మా? యాడా కనపడలేదే!"

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. పని చేయించినాయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నాయకుడు నా తల మీద చెయ్యి పెట్టి దీవించి కారెక్కాడు. ఆయన నాకంటే చిన్నవాడు.

ఫోటో జిల్లా పేపర్లో పడింది. రిబ్బను, పచ్చ మిషను, పళ్ళన్నీ కనిపించేట్టు నవ్వుతున్న నాయకుడు, పక్కన సగం మొహంతో నేను. మా ఆయన ఆ పేపరును కళ్ళ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. వారం పది రోజులకు పన్ను వసూలు చేసే బిల్లు కలెక్టరు టేపు పట్టుకుని వచ్చాడు. మంచివాడే, నన్ను అక్కా అంటాడు. అరుగు ఈ చివర నుంచి ఆ చివర దాకా కొలిచాడు.

"ఏంది తమ్ముడూ, అరుగును కొలస్తాండావు?"

"అరుగు మీద కొత్త మిషను పెట్టినారు గదక్కా. ఇది గూడా అంగడి కింద రాయమన్నారు."

"కొత్తదేంది! అది నా పెళ్ళినాటి మిషను. ఆ పొద్దే మళ్ళా లోపల పెట్టేసినాం."

"మావాళ్ళు పేపర్లో ఫోటో సూసినారక్కా. పాతదయితే రిబ్బనెందుకు కత్తిరించినారు?"

నేనేం చెప్పను? కాలువ కోసం అబద్ధమాడామని చెప్పనా? వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయ్యింది, ఆ కోతి తోక కూడా కొలతకు వచ్చింది. వీధి కూడా బాగుపడింది కాబట్టి మొత్తం మీద విలువ పెరిగి ఉంటుందని ఆయనే మెల్లగా చెప్పాడు. మొగలో హాస్టలు సంగతి అడిగాను. అది ఇల్లు గదక్కా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఇంకా ధైర్యంగానే ఉన్నాను. మిషను ఆడుతోంది కదా, ఇంత ఆడిన చోట ఇంకో నాలుగు గంపలు ఎక్కువ ఆడితే పోతుంది అనుకున్నాను.

కార్తీకంలో వాయుగుండం వచ్చింది. ముందురోజు సాయంత్రం మొదలైన వాన తెల్లారినా ఎడతెగలేదు. ప్రతి ఏడూ కాలువ పొంగేది, అంచు మీదుగా పొర్లి వీధిలోకి వచ్చేది, వీధిలోంచి మాకు ఆనవాలు తెలిసేది. బస్తాలు ఎత్తుకునే వ్యవధి ఉండేది. ఈసారి కాలువకు నోరు మూసేశారు కదా. వీధి మీద పలకలు శుభ్రంగా తడిసి మెరుస్తున్నాయి. నీళ్ళు మాత్రం మా స్నానాలగది తూములోంచి లోపలికి ఎగదన్నాయి. వెనకనుంచి వచ్చాయి. నల్లగా, బుసబుసమని. మేం వాకిలి వైపు చూస్తూ నిలబడ్డాం, అవి మా వీపు వెనకనుంచి వచ్చి కాళ్ళు తడిపాయి.

"ఏమ్మే, నీళ్ళు యాణ్ణించి వస్తాండాయి?" అని మా ఆయన అరుస్తున్నాడు. ఆయనకు కనపడదు. నేను మెయిను కట్టేసి, బస్తాలు అరుగు మీదికి ఈడవడం మొదలుపెట్టాను. అరుగు కూడా అప్పటికే తడుస్తోంది. గార్డు మామ గడ్డపార తీసుకుని వానలో పరిగెత్తుకొచ్చాడు. ఆయన వయసుకు అది ఎత్తడమే గొప్ప. ఇద్దరం కలిసి మా వాకిటి ముందు పలక సందులో పొడిచాం. ఒక పలక పగిలింది. లోపల నీళ్ళు పారడం లేదు. అంచు దాకా పూడిక, గట్టిగా, అణిగి, అడుసు కుండలో కూరినట్టు ఉంది. గంపలతో ఎత్తిపోశాను. ఎత్తిన చోటికి పక్కనుంచి మళ్ళీ అంత జారింది. వీధి పొడుగునా ఎన్ని పలకలు పగలగొట్టగలం? మామ రొప్పుతూ కాలువ గట్టు మీద కూర్చుండిపోయాడు. "నేను జెప్పిన మాటకే గదా పాపా ఇదంతా" అని ముసలాయన వానలో ఏడ్చాడు. ఆయన్ను తిట్టడానికి నాకు నోరు రాలేదు. తిట్టాల్సినవాళ్ళు ఎక్కడో పొడి బట్టల్లో ఉన్నారు.

నేను లోపలికి వచ్చేసరికి దిమ్మె కనపడలేదు. మోటారు సగం దాకా మునిగింది. మా ఆయన దాని మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు, ఎద్దును నిమిరినట్టు. "మునిగినట్టుండాది గదా" అన్నాడు. నేను ఆ మురుగులోనే కూలబడి ఏడ్చాను. అంత గట్టిగా నేను మా అమ్మ పోయినప్పుడు కూడా ఏడవలేదు.

నీళ్ళు తీయడానికి రెండు రోజులు పట్టింది. అంతలోకి అరుగు మీది బస్తాల్లో జనం ఆడించుకోవడానికి తెచ్చి పెట్టిన రాగులు మొలకలెత్తాయి. ఆ బస్తాల సొంతదార్లు ఒక్కొక్కరే వచ్చి చూసి, నన్ను ఒక్క మాట కూడా అనకుండా పోయారు. ఇసుక తగిలితే ఏడు తరాలను తిట్టే ఆడవాళ్ళే. ఆ మౌనం నాకు తిట్టుకంటే కష్టమైంది. మోటారు విప్పి చూసిన మెకానిక్కు పెదవి విరిచాడు. రాళ్ళ సందుల్లోకి మురుగు దిగింది, ఆ రాళ్ళలో ఆడిన పిండి ఎవరు తింటారు? నేనైతే తినను. మా ఆయన వారం రోజులు ఆ రాళ్ళను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక పొద్దున, "ఇంగ సాలు లేమ్మే" అన్నాడు. ఇనప సామాను కొనేవాడు వచ్చి పచ్చరంగు మిషనుతో సహా తీసుకుపోయాడు.

మునిసిపాలిటీ నుంచి ఎవరూ రాలేదని అంటే అబద్ధమవుతుంది. వచ్చారు. పలక ఎవరు పగలగొట్టారని అడగడానికి వచ్చారు. ప్రభుత్వ ఆస్తి అట. గార్డు మామ లేచి నేనే పగలగొట్టినా, రాసుకో అన్నాడు. నేను ఆయన్ను పక్కకు జరిపి, ఆ మనిషిని మా మిషను గదిలోకి తీసుకుపోయి గోడ మీద మురుగు ఎంతవరకు వచ్చిందో ఆ చార చూపించాను. ఆయన జేబులోంచి రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

ఇప్పుడు ఆ గదిలో మంచం వేసుకున్నాం. మా ఆయన అక్కడే పడుకుంటాడు. నేను రెండు వీధుల అవతల ఒక టిఫిను హోటల్లో పిండి రుబ్బే పనికి పోతున్నాను. మా ఇంట్లోకి రాగిపిండి అంగట్లో ప్యాకెట్టు కొంటున్నాం. మొదటిసారి కొన్నప్పుడు మా ఆయన వేళ్ళ మధ్య నలిపి చూసి, బరకగా ఉందన్నాడు.

మిషను పోయింది కాబట్టి ముందు గదికీ అరుగుకీ అంగడి రేటు తీసేయమని అర్జీ ఇచ్చాను. న్యాయమే కదా. తీసేయొచ్చు గానీ పెద్ద సారు స్వయంగా వచ్చి చూసి, మిషను లేదని రాయాలన్నారు. సరే రమ్మన్నాను. ఆ పగిలిన పలక దగ్గరినుంచి కాలువ ఇప్పుడు వాన లేకపోయినా పొంగుతుంది. మడమలు మునిగేంత నీళ్ళు ఎప్పుడూ వీధిలో నిలిచే ఉంటాయి, ఇంట్లోకి దిగకుండా గడపకు అడ్డంగా ఇటుకల కట్ట కట్టుకున్నాం. ఎండాకాలం వచ్చింది, అవి ఎండలేదు. హాస్టలు పిల్లలు ఇటుకల మీద గెంతుతూ కాలేజీకి పోతున్నారు.

ఒక రోజు జీపు వచ్చి వీధి మొగలో ఆగింది. అరుగు మీద నిలబడి చూశాను. ఎవరూ దిగలేదు. కాసేపటికి తిరిగిపోయింది. సాయంత్రం బిల్లు కలెక్టరు ప్యాంటు మడుచుకుని, నీళ్ళలో ఈడ్చుకుంటూ మా ఇంటికి వచ్చాడు.

"సారు వచ్చినాడక్కా. ఇంటిదాకా రాలేకపొయినాడు."

"ఏం, ఏమైంది?"

"నీళ్ళుండాయి గదక్కా. సారు బూట్లేసుకోనుండాడు."

"అయితే మళ్ళా యెప్పుడొస్తాడు?"

"ఈదిలో నీళ్ళు తగ్గినాక వస్తానన్నాడు. అంతవరకు పాత రేటే కట్టమన్నాడు. ఈ నెలలో కడితే తగ్గింపుండాదక్కా, లేకుంటే కొళాయికొస్తారు."

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళ నీళ్ళూ వచ్చాయి. ఆయన బిత్తరపోయి నా వంక చూస్తూ నిలబడ్డాడు. తమ్ముడూ, నీ తప్పేం లేదులే, పో అని పంపించాను.

మర్నాడు పనికి సెలవు చెప్పి, చెప్పులు చేతిలో పట్టుకుని, చీర కుచ్చిళ్ళు పైకెత్తి దోపుకుని, సారు బూట్లు దిగలేని ఆ నీళ్ళలోనే నడిచి పోయాను. ఇంటికీ, నీళ్ళకూ, కాలువకూ, లేని మిషనుకూ, అరుగుకూ అన్నిటికీ పన్ను కట్టి వచ్చాను.